నాలుగో నంబరు లైను

"ఐదింటికి జీపు కదులుతుంది మీటరమ్మగారూ. అందులో మీ బాబాయ్ ఉంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, సీలు తీసిన తలుపుకి చేరగిలబడి. "అప్పటిదాకా మీ ఇష్టం. గోడలు తట్టుకుంటారో, తీగలు వాసన చూసుకుంటారో."

నా వాచీలో మూడూ ఇరవై అయిదు. అంటే గంటా ముప్పై అయిదు నిమిషాల గడువు.

ఆయనకి నా మీద కోపం పాతది. నిరుడు ఒక గోడౌను తగలబడితే ఆయన షార్ట్ సర్క్యూట్ అని ఫైలు మూసేశాడు. ఆ రోజు ఆ గోడౌనుకి కరెంటే లేదని మీటరు చూపించి నేను తేల్చాను. పద్దెనిమిదేళ్ళు విద్యుత్ శాఖలో మీటర్లు తనిఖీ చేసినదాన్ని. ఉద్యోగం మానేసి నేర పరిశోధనలో పడ్డా మీటరమ్మ అన్న పేరు నన్ను వదల్లేదు. మిగతావాళ్ళు అలా ముద్దుగా పిలుస్తారు, ఈయన మాత్రం పళ్ళు కొరుకుతూ పిలుస్తాడు.

కేసు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కట్టడాల డ్రాయింగులు పరిశీలించి, ఆ కట్టడాలు గట్టిగా ఉన్నాయో లేదో సర్టిఫికెట్టు ఇచ్చే చిన్న ఆఫీసు ఇది. మూడు టేబుళ్ళు, ముగ్గురు మనుషులు. యజమాని ఇంజనీరు, ఆయన్ని పెద్దసార్ అంటారు. ఆయన భార్యకి తమ్ముడు, ఈ ఆఫీసులోనే భాగస్థుడు, చిన్నసార్. మూడో మనిషి టైపిస్టు. మొన్న మధ్యాహ్నం మూడూ ఇరవైకి, ఉరుములూ మెరుపులూ మొదలైన కాసేపటికి, పెద్దసార్ తన కంప్యూటరు ఇనపడబ్బా మీద చెయ్యి పెట్టి అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు. పిడుగు కరెంటు తీగల్లోంచి వచ్చిందనీ, ఎర్తు సరిగ్గా లేకపోవడంవల్ల మనిషి పోయాడనీ పోలీసుల నిపుణుడు రాశాడు. ఆ ఆఫీసుకి ప్లాను గీసి వైరింగు చేసిన మేస్త్రీ నిర్లక్ష్యమే కారణమని కింద గీత గీసి మరీ రాశాడు.

ఆ మేస్త్రీ వరండాలో బెంచీ మీద, కానిస్టేబుల్ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఊరంతా ఆయన్ని ఎర్తు బాబాయ్ అంటుంది. పెళ్ళికి పిలిచినా ఆ ఇంటి ఎర్తు కొలిచాకే అక్షింతలు వేస్తాడని ఎగతాళి చేస్తారు. మా నాన్నతో కలిసి స్తంభాలెక్కిన మనిషి. నాకు టెస్టరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఈ అరవై మూడేళ్ళ వయసులో ఆయన చేతికి బేడీలు పడితే, కేసు రేపు కొట్టేసినా ఆయన మాత్రం తేరుకోడు. ఆ సంగతి నాకు తెలుసు.

"ఏమన్నా తిన్నావా బాబాయ్?"

"అది తర్వాత. ఎర్తు కొలిచావా అమ్మాయ్?"

"ఇప్పుడేగా వచ్చింది. నువ్వు చేశావంటే నాకు నమ్మకమేలే."

"నమ్మి కొలవడం కాదు. కొలిచి నమ్ము." ఆయన లోపలికి వేలు చూపించాడు. "ముందు కాగితం, తర్వాతే తీగ అని నీకు చెప్పేవాణ్ణి కదా. ఇక్కడా అంతే చేశా. ఒక్కో టేబులు దగ్గరా కూర్చుని, రోజంతా ఏమేం వాడతారో రాసుకున్నా. ఏసీకి వేరే లైను. ప్రింటరుకి వేరే, అది వేడెక్కినప్పుడు ఒక్క గుక్కలో కడవెడు కరెంటు తాగుతుంది. ఒక్కో కంప్యూటరుకి ఒక్కో లైను. మెయిన్ దగ్గర పిడుగు కాపలా పెట్టా."

సర్జ్ ప్రొటెక్టరుని ఆయన పిడుగు కాపలా అంటాడు. తీగల్లో ఒక్కసారిగా పొంగొస్తే దాన్ని పక్కకి లాగి భూమిలోకి దింపే చిన్న పెట్టె అది.

"మరి నీ మనసులో ఏముంది బాబాయ్? అలా తల వంచుకున్నావేం?"

"ఉరుములొస్తే ప్లగ్గు పీకెయ్యండి సారూ అని చెప్పింది నేనే. కాపలా ఉన్నా సరే పీకెయ్యండన్నా. ఆయన పాపం నా మాట విని దానికోసమే వంగాడంట." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. "ఆ చెయ్యి అక్కడ పెట్టించింది నేనే కదమ్మాయ్."

ఆయన భుజం నొక్కి లోపలికి వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు పిలిపించిన మిగతా ఇద్దరూ అప్పుడే మెట్లెక్కి వచ్చారు. చిన్నసార్‌కి నలభై అయిదుంటాయి. రెండ్రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు. టైపిస్టుకి పాతికేళ్ళుంటాయేమో, సంచీ గుండెలకి హత్తుకుని నిలబడింది.

"తొందరగా కానివ్వండి మేడమ్," అన్నాడు చిన్నసార్. "ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. ఈ అమ్మాయిని కూడా నేనే ఇంటి దగ్గర దింపుతాను. ఇంకా వణికిపోతోంది పిల్ల."

ముందు టైపిస్టుని కూర్చోబెట్టాను.

"మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

"ఒంటిగంటకి భోజనానికి ఇంటికెళ్ళానక్కా. పది నిమిషాల దారే. రెండింటికి వచ్చేశా. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చిన్నసార్ తన టేబులు దగ్గరే ఉన్నారు. పెద్దసార్ పొద్దుట్నుంచీ సైటులోనే. మూడూ పదికి తడుచుకుంటూ వచ్చారు."

"రెండు నుంచి మూడు దాకా ఏం జరిగింది?"

"ఏమీ లేదక్కా, టైపు చేసుకుంటున్నా. చిన్నసార్ నాలుగుసార్లు నా దగ్గరికొచ్చి కంప్యూటరు బాగా పనిచేస్తోందా అని అడిగారు. ఎప్పుడూ అంతగా పట్టించుకోరు. వాతావరణం బాగాలేదని కాబోలు."

"పనిచేసిందా?"

"నాదా? భేషుగ్గా. రెండు వారాల నుంచి కరెంటు పోయినా కూడా ఆగట్లేదు. అంతకుముందు పోయినప్పుడల్లా సగం ఉత్తరం ఎగిరిపోయేది, నేను ఏడుపు మొహం పెట్టేదాన్ని. పెద్దసార్ చూసి బాగు చేయించారు." ఆమె పెదవి కొరుక్కుంది. "ఆయన పడిపోగానే చిన్నసార్ పరిగెత్తి మెయిన్ ఆపారు. కింది అంతస్తులో ఉండే డాక్టరు కోసం నేను పరిగెత్తా. డాక్టరు గదికి తాళం ఉంది. ఆయన్ని వెతికి పట్టుకొచ్చేసరికి పది నిమిషాలు పట్టింది."

"నీకు ఇంకేమన్నా చెప్పాలని ఉందా?"

ఆమె చూపు నా భుజం మీదుగా చిన్నసార్ వైపు వెళ్ళి తిరిగొచ్చింది.

"మీరు ఐదు దాకా ఇక్కడే ఉంటారా అక్కా?"

"ఉంటాను. ఏం?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

లేచి వెళ్ళి తన టేబులు దగ్గర కూర్చుంది. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. నా బుర్ర అప్పటికే టైముల లెక్కలో కూరుకుపోయి ఉంది. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా తోసెయ్యను.

తర్వాత చిన్నసార్ వంతు.

"ఒంటిగంట నుంచి రెండు దాకా ఆఫీసులో మీరొక్కరే?"

"ఒక్కణ్ణే. క్యారియరు తెచ్చుకున్నా, తిన్నా, పేపరు చదువుకున్నా. కుర్చీలోంచి లేచింది లేదు."

"ఆ గంటలో కరెంటు పోయిందా?"

"లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ మాట ఖచ్చితంగా చెప్పగలను."

"పెద్దసార్ పడిపోయాక మెయిన్ ఆపింది మీరేనట?"

"ఆ మాత్రం తెలుసు మేడమ్. చిన్నప్పుడు రేడియోల షాపులో నాలుగేళ్ళు పనిచేశా. కరెంటు ఉండగా మనిషిని ముట్టుకోకూడదని తెలుసు." అంటూనే ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "అక్క మొహం చూడలేకపోతున్నా. పన్నెండేళ్ళప్పుడు అమ్మా నాన్నా పోతే ఆ బావే నన్ను చదివించాడు. ఆయన పోవాల్సిన మనిషి కాదు. ఆయన కాదు."

ఆ ఏడుపు నిజం. నేను చాలా దొంగ ఏడుపులు చూశాను, వాటిలో ఎక్కడో ఒకచోట కళ్ళు మనవైపు తిరుగుతాయి. ఈయన నన్ను చూడనే లేదు. ఏడుస్తున్న మనిషిని ఇంకేం అడుగుతాం?

"కొత్త నర్సింగ్ హోం వాళ్ళు సర్టిఫికెట్టు కోసం రేపు వస్తారు. పని ఆగకూడదు కదా," అని ఇన్‌స్పెక్టరుతో చెప్పి, సంతకం పెట్టి లేచాడు. "పదమ్మా, మబ్బు పట్టేసింది."

ఆయన తొందరకి టైపిస్టు కుర్చీలోంచి దాదాపు పరిగెత్తింది. గడియారం మూడూ యాభై ఎనిమిది చూపిస్తోంది. కింద కారు బయల్దేరిన చప్పుడు వినిపించింది.

ఇక నా పని మొదలుపెట్టాను.

ముందు ఎర్తు కొలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మీటరు ముల్లు ఒక్క ఓము దగ్గరే నిలబడింది. ఇంతకన్నా మంచి ఎర్తు పెద్దాసుపత్రిలో కూడా ఉండదు. ఇన్‌స్పెక్టరు ఆవలించాడు.

తర్వాత బోర్డు తలుపు తెరిచాను. పిడుగు కాపలా మీద చిన్న కిటికీ ఉంటుంది. అది పచ్చగా ఉంటే పెట్టె బతికి ఉన్నట్టు, ఎర్రబడితే పొంగుని మింగి తన ప్రాణం ఇచ్చినట్టు. ఇది చిలక పచ్చగా ఉంది.

"ఇలా రండి," అన్నాను. "మీ నిపుణుడు ఈ తలుపు తెరిచాడా?"

"రిపోర్టులో ఫొటో ఉంది."

"మూసిన తలుపు ఫొటో ఉంది. తెరిచిన ఫొటో లేదు. మనిషిని చంపేంత పిడుగు ఈ తీగల్లోంచి వస్తే ఈ కిటికీ ఇంత పచ్చగా ఉండదు. సరే, ఇది చెడిపోయిందే అనుకుందాం. ఆ గోడ మీద ఇంటర్నెట్టు డబ్బా చూడండి. దాని ప్రాణం ఎంత? అన్నిటికన్నా ముందు పోయేది అదే. హాయిగా మెరుస్తోంది. ప్రింటరు బాగుంది, ఏసీ బాగుంది, టైపిస్టు కంప్యూటరు బాగుంది. ఆఖరికి పెద్దసార్ చెయ్యి పెట్టిన కంప్యూటరు కూడా బాగానే ఉంది. ఏ వస్తువునీ ముట్టుకోకుండా వెతుక్కుంటూ వచ్చి మనిషినే కొట్టిందా పిడుగు?"

"పిడుగు నన్నూ మిమ్మల్నీ అడిగి పడదు."

"అది పడింది వీధి చివర టవరు మీద. ఇక్కడ కాదు."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మీకు ఆయన బాబాయ్. అందుకే ఈ తంటాలన్నీ. నాకు ఎవరూ బాబాయ్ కాదు. చచ్చిపోయిన మనిషి ఉన్నాడు, తీగలు బిగించిన మనిషి ఉన్నాడు. నాకు అది చాలు."

నాకు ఒళ్ళు మండింది. కానీ వాదించే తీరిక లేదు. నాలుగూ పది అయింది.

బోర్డు కింద యూపీఎస్ ఉంది. కరెంటు పోతే బ్యాటరీతో కంప్యూటరుని నిలబెట్టే పెట్టె. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో అది గుర్తు పెట్టుకుంటుంది. ముందున్న చిన్న తెర మీద మీట నొక్కుతూ వెనక్కి వెళ్ళాను. మొన్నటి తేదీ కింద రెండు వరసలు కనిపించాయి. ఒంటిగంట పదికి పోయింది, ఒంటిగంట పదిహేడుకి వచ్చింది. మళ్ళీ మూడూ ఇరవైకి పోయింది, మూడూ ముప్పైకి వచ్చింది. దాని గడియారాన్ని నా వాచీతో సరిచూశాను. అది రెండు నిమిషాలు వెనక ఉంది. అంటే మొదటిసారి కరెంటు లేనిది ఒంటిగంట పన్నెండు నుంచి పందొమ్మిది దాకా.

సబ్‌స్టేషన్‌లో నా పాత సహోద్యోగి ఉంది. ఫోన్ చేసి లైను రిజిస్టరు చూడమన్నాను. ఆమె చూసి చెప్పింది స్పీకరులో ఇన్‌స్పెక్టరుకి కూడా వినిపించాను.

"మీ వీధి లైను మొన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు వదినా. పిడుగు పడ్డప్పుడు కూడా నిలబడింది."

ఫోన్ పెట్టేశాను.

"వీధిలో కరెంటు ఉంది. ఈ ఆఫీసులో ఏడు నిమిషాలు లేదు. మెయిన్ ఎవరో చేత్తో ఆపారు. అప్పుడు ఇక్కడున్నది ఒకే ఒక్క మనిషి. ఫ్యాను తిరుగుతూనే ఉందని ఇందాక సంతకం పెట్టి వెళ్ళాడు."

ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర్నుంచి కదిలి మొదటిసారి బోర్డు దాకా వచ్చాడు.

"ఏడు నిమిషాల్లో ఏం చేస్తాడు?"

"అదే చూద్దాం."

మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, లోపలి మూత విప్పాను. కింద ఇత్తడి పట్టీ. ఒక్కో లైను ఎర్తు తీగా ఒక్కో స్క్రూ కింద, నంబరు చీటీతో సహా. ప్రతి స్క్రూ మీదా ఎర్రటి చిన్న గీత. నాకు కళ్ళు చెమర్చాయి. బాబాయ్ అలవాటు అది. స్క్రూ బిగించాక పిన్ని గోళ్ళరంగు సీసా తీసి, స్క్రూ తల మీదుగా పట్టీ మీదికి ఒక గీత గీస్తాడు. స్క్రూ వెంట్రుకవాసి వదులైనా గీత విరుగుతుంది, టార్చి వేసి చూస్తే చాలు తెలిసిపోతుంది. పిన్ని ముప్పై ఏళ్ళుగా ఆ సీసాల కోసం ఆయనతో పోట్లాడుతూనే ఉంది.

ఒకటో నంబరు గీత తిన్నగా ఉంది. రెండు, మూడు కూడా. అయిదు, ఆరు కూడా.

నాలుగో నంబరు గీత విరిగి ఉంది. స్క్రూ మీది ముక్క ఒకవైపుకి, పట్టీ మీది ముక్క ఇంకోవైపుకి చూస్తున్నాయి.

"ఈ తీగని ఊడదీశారు," అన్నాను. "ఊడదీసి, ఉండకూడని చోట కలిపారు. ప్రాణం కాపాడాల్సిన తీగలోకే కరెంటు ఎక్కించి, ఆ లైను మీదున్న కంప్యూటరు డబ్బాని యమపాశం చేశారు. మనిషి పడిపోగానే మెయిన్ ఆపే వంకతో వచ్చి, టైపిస్టు డాక్టరు కోసం తిరుగుతున్న ఆ పది నిమిషాల్లో మళ్ళీ తన చోటికి చేర్చారు. అందుకే ఇవాళ ఎర్తు బంగారంలా ఉంది. గోళ్ళరంగుని మాత్రం అతికించలేకపోయారు."

"గోళ్ళరంగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కోర్టులో నేను గోళ్ళరంగు చూపించాలా?"

"ఏడు నిమిషాలు చూపించండి. అబద్ధపు వాంగ్మూలం చూపించండి. వాటి పక్కన ఇది చూపించండి."

ఆయన వంగి ఆ విరిగిన గీతని దగ్గర్నుంచి చూశాడు. ఆ తర్వాత అన్న మాటలో ఎగతాళి లేదు.

"ఒకటి చెప్పండి మీటరమ్మగారూ. నేను ఇరవై రెండేళ్ళుగా శవాల పక్కన ఏడ్చేవాళ్ళని చూస్తున్నా. నిన్న అతను అక్క కాళ్ళ మీద పడి ఏడ్చాడు. అది నటన కాదు. పెంచి పెద్దచేసిన బావని, సొంత అక్క మొగుణ్ణి ఎందుకు చంపుతాడు? కారణం లేకుండా నేను అతన్ని ముట్టుకోలేను. కారణం దొరక్కపోతే ఐదింటికి మీ బాబాయ్‌నే తీసుకెళ్తా."

నాలుగున్నర అయింది. ఏడుపు నిజమని నాకూ తెలుసు. ఆయన కాదు, ఆయన పోవాల్సిన మనిషి కాదు అన్నాడు చిన్నసార్. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

"ఆఫీసు వైరింగు ప్లాను మీ దగ్గరుందా?"

"ఉంది. చిన్నసారే తన బీరువా ఫైల్లోంచి తీసిచ్చాడు. మీ బాబాయ్ ఇచ్చిన కాపీయే."

సిరాతో అందంగా గీసిన కాగితం. ఒకటి, లైట్లు ఫ్యాన్లు. రెండు, యూపీఎస్ మీదుగా పెద్దసార్ కంప్యూటరు. మూడు, చిన్నసార్ కంప్యూటరు. నాలుగు, టైపిస్టు కంప్యూటరు. అయిదు ప్రింటరు. ఆరు ఏసీ.

నాలుగు, టైపిస్టు కంప్యూటరు. మళ్ళీ చదివాను.

"బాబాయ్!" అని అరిచాను. కానిస్టేబుల్‌తో సహా లోపలికి వచ్చాడు. "నాలుగో లైను ఎవరిది?"

"పెద్దసార్‌ది."

"ఈ కాగితంలో టైపిస్టుదని ఉంది."

"అది పాతది. మొదట్లో ఇచ్చిన కాపీ." ఆయన బోర్డు తలుపు వెనక ప్లాస్టిక్ సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అదే ప్లాను, పెన్సిలుతో. రెండో వరసా నాలుగో వరసా రబ్బరుతో చెరిపి మళ్ళీ రాసినట్టు మసకగా ఉన్నాయి. "బోర్డు లోపల పెట్టేది ఎప్పుడూ పెన్సిలుతోనే రాస్తా, మారిస్తే దిద్దుకోవచ్చని. రెండు వారాల కిందట ఆదివారం పెద్దసార్ పిలిపించాడు. నా కంప్యూటరు రోజుకి గంట కూడా వాడను, ఆ పిల్ల రోజంతా కొడుతుంది, కరెంటు పోతే ఏడుస్తుంది, నా యూపీఎస్ లైను ఆ పిల్లకిచ్చి ఆ పిల్లది నాకివ్వు అన్నాడు. టేబుళ్ళు కదపలేదు. బోర్డులోనే రెండు లైన్లూ అటూ ఇటూ మార్చి, మళ్ళీ బిగించి కొత్త గీతలు గీశా."

"చిన్నసార్‌కి తెలుసా?"

"ఆ రోజు ఆయన ఊళ్ళో లేడు. ఫైల్లో కాపీ కూడా దిద్దాలి, రేపు దిద్దుదాం, ఎల్లుండి దిద్దుదాం అనుకుంటూ..." బాబాయ్ ఆగిపోయాడు. "నేను మరిచిపోయానమ్మాయ్."

ఇన్‌స్పెక్టరు రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూశాడు. సిరా కాగితం, పెన్సిలు కాగితం. ఆయన మొహంలో రంగు పోయింది.

"అతను బావని చంపాలనుకోలేదు," అన్నాడు మెల్లగా.

"లేదు. తన చేతిలో ఉన్న శుభ్రమైన కాగితాన్ని నమ్ముకుని నాలుగో లైను ముట్టుకున్నాడు. తలుపు వెనక సంచిలో ఇంకోటి ఉందని తెలియదు. రెండింటి నుంచి నాలుగుసార్లు ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి కంప్యూటరు పనిచేస్తోందా అని అడిగాడు. ఆమె ఎందుకు చావలేదో అర్థంకాక అడిగాడు. మూడూ ఇరవైకి, తనని పెంచిన మనిషి పడిపోయాక అర్థమైంది. ఆ ఏడుపు అందుకే నిజం."

బాబాయ్ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. ఆయన కాగితం దిద్ది ఉంటే పెద్దసార్ బతికేవాడు, ఆ పిల్ల పోయేది. దిద్దలేదు కాబట్టి పెద్దసార్ పోయాడు. ఏ వైపు నుంచి చూసినా ఆయనకి ఊరట దొరకదు. నేను ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలనుకున్నాను, కానీ అంత టైము లేదు.

"ఆ అమ్మాయి నంబరు?" అన్నాను.

ఇన్‌స్పెక్టరు అప్పటికే వాంగ్మూలం కాగితం చూసి నొక్కుతున్నాడు. రింగు వెళ్ళింది.

ఆ రింగు మాకు ఈ గదిలోనే వినిపించింది.

టైపిస్టు టేబులు మీద, డ్రాయింగుల చాటున, ఆమె ఫోన్ వెలుగుతూ మోగుతోంది. హడావిడిలో మరిచిపోయిందో, కావాలని వదిలిందో తెలియదు. దాని కింద మడిచిన కాగితాలు ఉన్నాయి. విప్పాను. ఒకే ఉత్తరం రెండు కాపీలు. ఒకే తేదీ, ఒకే నంబరు, కింద అదే పెద్దసార్ సంతకం. కొత్త నర్సింగ్ హోం గురించి. మొదటి దాంట్లో మూడో అంతస్తు స్తంభాలు బరువు మొయ్యలేవు, రోగుల్ని చేర్చుకోకూడదు అని ఉంది. రెండో దాంట్లో అన్ని స్తంభాలూ తగినంత గట్టిగా ఉన్నాయి అని ఉంది.

రేపు నర్సింగ్ హోం వాళ్ళకి వెళ్ళబోయేది ఆ రెండోది.

"రెండోదాని మీద, బావమరిది తెచ్చిన కాగితం కదా అని పెద్దసార్ చదవకుండా సంతకం పెట్టి ఉంటాడు," అన్నాను. "రెండూ టైపు చేసింది ఆ అమ్మాయి. రెండు ఉత్తరాలున్నాయని తెలిసినది ఆ పిల్ల ఒక్కతే. మీరడిగిన కారణం ఇదే."

ఇన్‌స్పెక్టరు వాంగ్మూలంలో ఉన్న ఇంటి నంబరుకి ఫోన్ కలిపాడు. అవతల పెద్దావిడ గొంతు.

"అమ్మాయి ఇంటికొచ్చిందా అమ్మా?"

"లేదు బాబూ. మీ దగ్గరికే కదా వచ్చింది. ఇంకా అవలేదా?"

ఆయన కిందికి పరిగెత్తాడు. మెట్ల మీంచే కానిస్టేబుల్‌తో, "పెద్దాయన్ని వదిలెయ్! మంచినీళ్ళియ్యి! కారు నంబరు కంట్రోల్ రూముకి చెప్పు!" అని అరుస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన అలా పరిగెత్తి ఉండడు. ఐదింటికి కదలాల్సిన జీపు నాలుగూ నలభై మూడుకే స్టార్టయింది.

నేనూ ఆయన వెనకే కదులుతూ రెండో ఉత్తరం తిప్పి చూశాను. వెనకవైపు ఆ అమ్మాయి చేతిరాత ఉంది. నేను చిన్నసార్‌ని ప్రశ్నిస్తున్నప్పుడు, నా వీపు వెనక కూర్చుని రాసి ఉంటుంది.

"అక్కా, ఇవి పెద్దసార్‌కి చూపిద్దామనుకున్నాను. వీలుపడలేదు. ఇంకో కాపీ దాచావా అని చిన్నసార్ రెండుసార్లు అడిగారు. ఇవాళ కారులో మళ్ళీ అడుగుతారు. లేదనే చెబుతాను. కానీ నాకు అబద్ధం చెప్పడం రాదు, మొహంలో తెలిసిపోతుంది."

ఆమె ఇంటికి పది నిమిషాల దారి. వాళ్ళు బయల్దేరి నలభై అయిదు నిమిషాలైంది.